జర్మనీ పరిశ్రమ పని అయిపోయిందా? డీజిల్ పార్టుల నుంచి ఎముకల స్క్రూల దాకా నేను చూసింది

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మెకానికల్ బీటెక్ చేసి మూడేళ్లుగా పుణేలో ఉద్యోగం చేస్తున్నాను. జర్మనీలో ప్రొడక్షన్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు అడ్మిషన్ వచ్చింది. రోజూ అక్కడ ఫ్యాక్టరీలు మూసేస్తున్నారని, వేల మందిని తీసేస్తున్నారని వార్తలు వస్తున్నాయి. అక్కడి పరిశ్రమ పని అయిపోయిందా, మారి నిలబడే శక్తి ఉందా? నాన్న పొలం తాకట్టు పెట్టి లోన్ తీస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది."

పొలం మాట రాశారు కాబట్టి తేలిగ్గా జవాబు చెప్పబుద్ధి కాలేదు. నేను 2006లో మాస్టర్స్‌కు జర్మనీ వచ్చాను. అప్పటి నుంచి స్టట్‌గార్ట్‌కు దక్షిణాన ఉన్న కొండ ఊళ్లలోనే పని. రెండు కంపెనీల్లో ప్రొడక్షన్ ప్లానింగ్ చూశాను. ఒకటి మారి నిలబడింది, ఒకటి మునిగిపోయింది. రెండింటిలోనూ నేను లోపలే ఉన్నాను.

సూటిగా చెప్పాలంటే: పని అయిపోలేదు. మారుతుంది. కానీ మొత్తం మారదు, మారిన చోట కూడా మునుపటంత మందికి పని దొరకదు. చేతిలో ఉన్న పనితనాన్ని ఇంకో వస్తువు మీదికి మళ్లించడం జర్మన్ కంపెనీలకు బాగా వచ్చు. ఆ పనితనం అవసరమే లేకుండా పోయినప్పుడు మాత్రం బాగా తడబడతాయి. అందుకే దేశం మొత్తాన్ని ఒక గాటన కట్టి చెప్పే జవాబు మీకు ఉపయోగపడదు. ఒక్కో కంపెనీని విడిగా చూడాలి.

మీరు చదివిన వార్తలు అబద్ధం కావు. 2023, 2024 రెండేళ్లూ వరుసగా జర్మనీ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. ఫోక్స్‌వాగన్‌లో 2030 లోపు 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించాలని 2024 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. కార్ల పార్టులు చేసే జడ్‌ఎఫ్ 2028 చివరికి జర్మనీలో 14,000 ఉద్యోగాల దాకా తగ్గిస్తామంది. 2025 సెప్టెంబర్‌లో బాష్ తన మొబిలిటీ (వాహన పార్టుల) విభాగంలో ఇంకో 13,000 అంది. ఇవన్నీ మా చుట్టుపక్కల ఇళ్లలో వినపడే పేర్లే. మా అబ్బాయి క్లాసులో సగం మంది పిల్లల తల్లో తండ్రో కార్ల పరిశ్రమలోనే ఉన్నారు.

అయితే ఆ అంకెల వెనక ఏం జరుగుతుందో చూడాలి. ఫోక్స్‌వాగన్ ఒప్పందంలో 35,000 మందిని రేపటి నుంచి రావద్దని పంపేయడం లేదు. 2030 చివరి దాకా కంపెనీ తనంతట తాను ఎవరినీ తొలగించకూడదని అదే కాగితంలో ఉంది. వయసు పైబడినవాళ్లు ముందే రిటైర్ కావడం, కొందరు డబ్బు తీసుకుని వెళ్లిపోవడం, ఖాళీలు నింపకపోవడం, ఇలా తగ్గిస్తారు. ఇక్కడ మార్పు ఎప్పుడూ చర్చల బల్ల దగ్గరే మొదలవుతుంది. 2,000 మందికి పైగా పనిచేసే కంపెనీల్లో పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు కార్మికులవి, 1976 చట్టం ప్రకారం. చిన్న కంపెనీల్లో కూడా ఐదుగురు ఉద్యోగులుంటే చాలు, కార్మికుల మండలి పెట్టుకోవచ్చు. దాన్ని ఇక్కడ 'బెట్రీబ్స్‌రాట్' అంటారు. వాళ్లతో మాట్లాడకుండా మేనేజ్‌మెంట్ షిఫ్ట్ టైమింగులు కూడా మార్చలేదు.

కొత్తగా వచ్చినప్పుడు నాకిది చాలా చిరాకు తెప్పించేది. ఒక లైన్‌ను పక్క హాల్లోకి మార్చడానికి ఐదు నెలలు మీటింగులు! కానీ మార్చిన తర్వాత ఎవరూ వెనక్కి లాగలేదు, ఎవరూ పని ఆపలేదు. మైస్టర్ (పని నేర్పే పెద్ద పనివాడు) నుంచి కొత్తగా చేరిన అప్రెంటిస్ దాకా ఎందుకు మారుస్తున్నారో అందరికీ తెలుసు. నెమ్మదిగా మొదలై గట్టిగా జరిగే మార్పు ఇది. మార్కెట్ ఐదు నెలలు ఆగితే బాగుంటుంది. ఆగకపోతే ప్రమాదం.

2009లో నేను చూసింది

నా మొదటి కంపెనీలో దాదాపు 300 మంది. డీజిల్ ఇంజెక్షన్‌కు వాడే చిన్న చిన్న టర్న్‌డ్ పార్టులు (లేత్ మీద చెక్కినవి) చేసేవాళ్లం. కొలతలో రెండు మూడు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి తేడా రాకూడదు, నెలకు లక్షల్లో పీసులు. 2009 మొదట్లో ఆర్డర్లు సగానికి పైగా పడిపోయాయి. నేను చేరి ఏడాది కూడా కాలేదు, వీసా కాగితాలు సర్దుకుని ఇంటికి వెళ్లాల్సిందే అనుకున్నాను.

ఎవరినీ తీయలేదు. 'కుర్ట్స్‌ఆర్బైట్' పెట్టారు. అంటే పని గంటలు తగ్గిస్తారు, తగ్గిన గంటల వల్ల చేతికి రాకుండా పోయే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ ఇస్తుంది. మేం వారానికి రెండు రోజులే ఫ్యాక్టరీకి వెళ్లాం. 2009 వేసవిలో దేశం మొత్తం మీద దాదాపు 15 లక్షల మంది ఇలాగే ఉన్నారు. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. ఖాళీ రోజుల్లో మా ఫోర్‌మన్ ఆపరేటర్లకు కొత్త మెషీన్ల సెట్టింగ్ నేర్పించారు. 2010 చివరికి ఆర్డర్లు తిరిగొచ్చాయి, పనివాళ్లంతా అక్కడే ఉన్నారు, మర్నాటి నుంచే మూడు షిఫ్టులు. ఆర్డర్లు వచ్చినా చేసేవాళ్లు దొరక్క తిప్పలు పడ్డ పొరుగు దేశాల సప్లయర్ల పని కొంత మాకే వచ్చింది.

దీన్ని చూసి చాలామంది "జర్మనీ అప్పుడు తట్టుకుంది, ఇప్పుడూ తట్టుకుంటుంది" అంటారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 2009లో మారాల్సిన అవసరం లేదు, ఆగితే చాలు. అదే పార్టు, అదే కస్టమర్, ఏడాదిన్నర ఓపిక పట్టాం, అంతే. కుర్ట్స్‌ఆర్బైట్ కాలాన్ని కొనిపెడుతుంది. ఆ కాలంలో ఏం చేయాలో అది చెప్పదు. ఇప్పుడు డీజిల్ పార్టుల మీద ఎంత ఓపిక పట్టినా ఆ ఆర్డర్లు తిరిగి రావు.

మారినవాళ్లు ఎలా మారారు

2015లో డీజిల్ పొగ లెక్కల మోసం బయటపడ్డాక మా కస్టమర్ల మాట తీరు మారింది. మూడేళ్ల తర్వాతి ఆర్డర్ల గురించి అడిగితే తేలేవి కాదు. మా యజమాని పెద్దాయన, డెబ్బై దగ్గర పడ్డారు. కూతురు వచ్చి పగ్గాలు తీసుకుంది. మొదటి మీటింగ్‌లో ఆవిడ అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది: "డీజిల్‌ను పక్కన పెట్టండి. మనకు నిజంగా వచ్చిన పని ఏమిటి?" గంటసేపు వాదించుకున్నాక బోర్డు మీద ఒక్క వాక్యం మిగిలింది. వేలికొన అంత లోహపు ముక్కను మైక్రాన్ల లెక్కలో, ప్రతిసారీ ఒకేలా చెక్కడం.

మా ఊరికి గంట దూరంలో టుట్లింగెన్ ఉంది. సర్జరీ పరికరాలకు ప్రపంచంలోనే పేరున్న ఊరు, వైద్య పరికరాల కంపెనీలు వందల్లో ఉన్నాయి. అక్కడ ఎముకలు అతకడానికి వాడే టైటానియం స్క్రూలకు గిరాకీ. మా దగ్గరున్న స్లైడింగ్ హెడ్ లేత్‌ల (సన్నని పార్టులు చెక్కే మెషీన్ల) మీదే వాటినీ చేయొచ్చు. చెప్పడానికి ఇంతే. చేయడానికి నాలుగేళ్లు పట్టింది.

ఎందుకంత కాలం? మొదటిది, టైటానియం చిప్స్‌కు, అంటే చెక్కినప్పుడు రాలే తురుముకు, నిప్పంటుకుంటుంది. కటింగ్ ఆయిల్, ఫైర్ సిస్టమ్, చిప్స్ తీసే పద్ధతి అన్నీ మార్చాలి. రెండోది, వైద్య పరికరాల నాణ్యతకు ఇచ్చే ఐఎస్ఓ 13485 సర్టిఫికేషన్. కార్ల పార్టులో లోపం వస్తే బ్యాచ్ వెనక్కి వస్తుంది. ఎముకలో స్క్రూ విరిగితే మనిషికి మళ్లీ ఆపరేషన్. అందుకే ప్రతి స్క్రూ ఏ రాడ్ నుంచి, ఏ మెషీన్ మీద, ఎవరి షిఫ్టులో వచ్చిందో ఏళ్ల తరబడి కాగితం ఉండాలి. మూడోది, మనుషులు. పదేళ్లు ఒకే పార్టు నంబర్ నడిపిన ఆపరేటర్‌కు ఇప్పుడు బ్యాచ్ అంటే రెండు లక్షలు కాదు, రెండు వందలు. వారానికి నాలుగు సార్లు సెట్టింగ్ మార్చాలి. కొందరికి అది నచ్చింది, పనిలో మళ్లీ ఉత్సాహం వచ్చిందన్నారు. ఇద్దరు ముగ్గురు మంచి పనివాళ్లు మాత్రం రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పి మానేశారు. వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఈ నాలుగేళ్లూ మమ్మల్ని పోషించింది చచ్చిపోతున్న డీజిల్ వ్యాపారమే. పాత పని ఇంకా డబ్బు తెస్తున్నప్పుడే కొత్తది మొదలుపెట్టడం, తేడా అంతా ఇక్కడే వచ్చింది. ఆ కంపెనీ ఇప్పుడూ లాభంలో ఉంది. కానీ 300 మంది లేరు, 190 మంది ఉన్నారు. మారి నిలబడిందని నేను సంతోషంగా చెప్పే కథలో కూడా 110 ఉద్యోగాలు లేవు. దేశం మొత్తం అంకెలు కూడా ఇలాంటి వందల కంపెనీల మొత్తమే.

ఇది మా కంపెనీ ఒక్కదాని గొప్ప అనుకోకండి. ఈ ప్రాంతానికి ఇది అలవాటైన దారి. బ్లాక్ ఫారెస్ట్ అనే ఇక్కడి కొండ ప్రాంతం ఒకప్పుడు గడియారాల దేశం. ష్రాంబర్గ్‌లోని యుంగ్‌హాన్స్ 20వ శతాబ్దం మొదట్లో ప్రపంచంలోనే అతి పెద్ద గడియారాల ఫ్యాక్టరీ. 1970ల్లో క్వార్ట్జ్ గడియారాలు వచ్చి ఆ పరిశ్రమను ఊడ్చేశాయి. కానీ చిన్న పళ్ల చక్రాలు చేయగల చేతులు ఊళ్లో మిగిలాయి. ఫిల్లింగెన్‌లో కీన్జ్లే సంస్థ గడియారపు పనితనంతోనే టాక్సీ మీటర్లు, లారీ ఎంతసేపు ఎంత వేగంతో నడిచిందో రాసే టాకోగ్రాఫ్‌లు చేసింది. టాకోగ్రాఫ్‌ల పని ఆ ఊరిని ఇప్పటికీ వదల్లేదు. మెషీన్లు చేసే ట్రంఫ్ సంగతీ అంతే. 1923లో స్టట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాప్, తర్వాత రేకులు కోసే మెషీన్లు, తర్వాత లేజర్ కటింగ్. ఈ రోజు ప్రపంచంలో అతి సూక్ష్మమైన కంప్యూటర్ చిప్స్ చేసే ఏఎస్ఎంఎల్ మెషీన్‌లో లేజర్ ట్రంఫ్‌ది, అద్దాలు ఓబర్‌కోఖెన్‌లోని జైస్‌వి. సెకనుకు 50,000 తగరపు బిందువులను ఆ లేజర్ కొడుతుంది. మెషీన్ డచ్ కంపెనీది కాబట్టి ఇది వార్తల్లో జర్మనీ పేరుతో కనబడదు.

మారలేనివాళ్లు

నా రెండో కంపెనీ పెద్దది, ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) వ్యవస్థకు పార్టులు చేసేది. ఎక్కువ జీతం చూసి వెళ్లాను. అక్కడ అమ్మకాల్లో మూడొంతులకు పైగా ఒక్క కస్టమర్‌వే. ఎలక్ట్రిక్ కారుకు ఎగ్జాస్టే ఉండదు. ఇది తెలియనివాళ్లెవరూ లేరు. అయినా ప్రతి ఏడాదీ "మన కస్టమర్ ఏం నిర్ణయిస్తాడో చూద్దాం" అనుకుంటూ కూర్చున్నారు. ఆ కస్టమర్ ఎలక్ట్రిక్‌కు రెండుసార్లు తేదీలు మార్చాడు. చివరికి బ్యాటరీ కేసింగ్‌ల కోసం అప్పు చేసి కొత్త హాలు కట్టారు. వడ్డీలు పెరిగాయి, కరెంటు బిల్లు పెరిగింది, అనుకున్నన్ని కార్లు అమ్ముడుపోలేదు. ఆ హాల్లో ఒక లైన్ మీద దుమ్ము గుడ్డ తీయకుండానే కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లింది.

అక్కడ పనితనం లేదా అంటే ఉంది. రేకు వంచడం, వెల్డింగ్ చేయడం వాళ్లకన్నా బాగా చేసేవాళ్లను నేను చూడలేదు. కానీ అది పోలండ్‌లోనూ చైనాలోనూ చాలామందికి వచ్చు, తక్కువ ధరకు. సోలార్‌లో జరిగిందీ ఇదే. బిటర్‌ఫెల్డ్ దగ్గరి క్యూ-సెల్స్ ఒక దశలో ప్రపంచంలోనే అతి పెద్ద సోలార్ సెల్ తయారీదారు. 2012లో దివాలా తీసింది, కొరియా కంపెనీ హాన్‌వా కొనుక్కుంది. అందరూ చేయగలిగిన వస్తువును పెద్ద ఎత్తున చవగ్గా చేసే పోటీలో జర్మనీ గెలవడం నేను చూడలేదు.

సాఫ్ట్‌వేర్ ఇంకో గోడ. కారు విలువ ఇంజన్ నుంచి బ్యాటరీకి, సాఫ్ట్‌వేర్‌కు మళ్లాక వందేళ్ల ఇంజన్ పనితనానికి ఒక్కసారిగా విలువ తగ్గిపోయింది. చైనాలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్న ఫోక్స్‌వాగన్ బ్రాండ్‌ను 2023లో చైనా కంపెనీ బీవైడీ దాటేసింది. అక్కడ కొనేవాళ్లు డాష్‌బోర్డు స్క్రీన్ చూసి కారు ఎంచుకుంటున్నారు. డోర్ మూసినప్పుడు వచ్చే శబ్దం చూసి కాదు. ఆ శబ్దం మీద మా వాళ్లు ఎన్నేళ్లు పనిచేశారో చెప్తే మీరు నమ్మరు.

ఈసారి కష్టం ఎందుకు ఎక్కువ

ఇదివరకు ఒక దెబ్బ తర్వాత ఒకటి వచ్చేది. ఇప్పుడు అన్నీ కలిసి వచ్చాయి. 2021లో దిగుమతి గ్యాస్‌లో సగానికి పైగా రష్యాది, 2022లో అది ఆగిపోయింది. లుడ్విగ్స్‌హాఫెన్‌లో రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్ 2023లో ఒక అమోనియా ప్లాంట్‌తో పాటు మరికొన్ని మూసేస్తామని ప్రకటించింది. ఒకప్పుడు జర్మన్ మెషీన్లు కొన్న చైనా ఇప్పుడు అవే మెషీన్లు అమ్ముతోంది. అమెరికా సుంకాలు వేసింది. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది వయసు. మా టూల్ రూమ్‌లో సగటు వయసు యాభై దాటింది. నేను చెప్పిన 'పనితనం' ఒక్కో మనిషితో పాటు రిటైర్ అవుతోంది. చిన్న కుటుంబ కంపెనీల్లో పగ్గాలు తీసుకునే కూతురో కొడుకో లేక, ఆర్డర్లు ఉండగానే తలుపులు మూసేవాళ్లున్నారు.

మరోవైపు, అవసరం మెడ మీదికి వస్తే ఈ దేశం వేగంగా కదలగలదని కూడా చూశాం. ఫిల్హెల్మ్స్‌హాఫెన్‌లో ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో వచ్చే ద్రవ గ్యాస్) టెర్మినల్ 2022లో ఏడాది కూడా గడవకముందే సిద్ధమైంది. మామూలుగా అయితే అనుమతులకే ఏళ్లు పట్టేవి. కొత్త అప్పుకు గట్టి పరిమితి పెడుతూ 2009లో రాజ్యాంగంలో రాసుకున్న నియమాన్ని 2025 మార్చిలో సడలించి, మౌలిక వసతులకు 50,000 కోట్ల యూరోల నిధి పెట్టారు. తూర్పున గోర్లిట్స్‌లో దాదాపు 175 ఏళ్లు రైలు పెట్టెలు చేసిన ఫ్యాక్టరీని ఆల్స్టమ్ వదిలేస్తే, ట్యాంకులు తయారుచేసే కేఎన్‌డీఎస్ తీసుకుంటోంది. ఆయుధాల పని అంటే మనసు ఒప్పని కార్మికులు కొందరున్నారు, వాళ్లను నేను అర్థం చేసుకోగలను. కానీ వెల్డర్ల చేతులకు పని ఆగలేదు.

పెద్ద మార్పుకు ఎంత కాలం పడుతుందో తెలియాలంటే రూర్ ప్రాంతం చూడండి. 1950ల్లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో దాదాపు 6 లక్షల మంది, వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే. చివరి గని బోట్రోప్‌లో 2018 డిసెంబర్ 21న మూశారు. అరవై ఏళ్లు! మధ్యలో బోఖుమ్‌లో గని స్థలంలో ఓపెల్ ఫ్యాక్టరీ వచ్చింది, 2014లో అదీ పోయింది, ఇప్పుడక్కడ పార్సిల్ సెంటర్, యూనివర్సిటీ పరిశోధన భవనాలు. ఎవరూ ఆకలితో మాడలేదు. కానీ ఆ ప్రాంతం మునుపటి ఊపు ఇంకా అందుకోలేదు.

నా రెండో కంపెనీ మూతపడినప్పుడు మమ్మల్ని ఒక ట్రాన్స్‌ఫర్ కంపెనీలోకి మార్చారు. పన్నెండు నెలల దాకా పోయిన నెట్ జీతంలో 60 నుంచి 67 శాతం ఇస్తూ కొత్త పని నేర్పిస్తారు. నా పక్క టేబుల్‌లో కూర్చునే టూల్‌మేకర్‌కు 54 ఏళ్లు. ఆయన అక్కడ కొలతల ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఒక వైద్య పరికరాల సంస్థలో చేరాడు, జీతం కాస్త తగ్గింది. ఆ రోజుల్లో నాకు మా మేనమామ పదే పదే గుర్తొచ్చేవాడు. మా ఊరి బట్టల మిల్లులో ఫిట్టర్. మిల్లు మూసినప్పుడు చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేశారు. మగ్గం శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెప్పగల మనిషి మిగతా జీవితం కిరాణా కొట్లో పొట్లాలు కట్టాడు. ఒక పరిశ్రమకు మారే శక్తి ఉందా అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఈ ఇద్దరు మనుషులే కళ్ల ముందు మెదులుతారు.

ఇక మీ సంగతి

అడ్మిషన్ వదులుకోవద్దనే నా అభిప్రాయం. కానీ కొన్ని తెలిసి రండి.

ఉద్యోగాలు తీసేటప్పుడు ఇక్కడి చట్టం వయసు, సర్వీసు, పోషించాల్సిన కుటుంబం, వైకల్యం లెక్కలోకి తీసుకుంటుంది. అంటే కొత్తగా చేరిన, పెళ్లికాని కుర్రాడికే ముందు ముప్పు. ఇరవై ఏళ్లు చేసినవారికి ఏడు నెలల నోటీసు ఇవ్వాలి, ప్రొబేషన్‌లో ఉన్నవారికి రెండు వారాలు చాలు. మార్పు భారం బయటివాళ్ల మీద, కొత్తవాళ్ల మీద ఎక్కువ పడుతుంది. ఈ విషయం కన్సల్టెన్సీలు చెప్పవు.

కార్ల కంపెనీ పేరు చూసి మోజు పడకండి. వైద్య పరికరాలు, చిప్ మెషీన్లకు పార్టులు, కొలత పరికరాలు, కరెంటు గ్రిడ్ సామగ్రి, ఇలాంటివి చేసే 200 నుంచి 800 మంది ఉన్న కంపెనీలు వెతకండి. వాటి వార్షిక లెక్కలు 'ఉంటర్‌నేమెన్స్‌రెగిస్టర్' అనే అధికారిక కంపెనీల రిజిస్టర్ సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడగండి: అతి పెద్ద కస్టమర్ వాటా ఎంత? ఐదేళ్ల కింద లేని ఏ వస్తువు ఇప్పుడు చేస్తున్నారు? రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆలోచించుకోండి.

జర్మన్ భాష బీ2 స్థాయి దాకా (బీ1కి పై మెట్టు) రాకుండా ఈ కంపెనీల్లోకి అడుగు పెట్టడం కష్టం. నేను చెప్పిన బల్ల దగ్గర మాటలన్నీ జర్మన్‌లోనే, మా దగ్గరైతే ష్వేబిష్ యాసలో జరుగుతాయి. పుణేలో ఉండగానే బీ1 పూర్తిచేసుకు రండి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల దాకా గడువు ఇస్తారు. ఇదివరకు నాలుగు నెలల్లో దొరికేది, ఇప్పుడు ఏడాది పట్టినవాళ్లు నా చుట్టూ ఉన్నారు. కాబట్టి లోన్ లెక్కలో ఆ ఏడాది ఖర్చు కూడా వేసుకోండి. యూనివర్సిటీ మా రాష్ట్రం బాడెన్-వుర్టెంబర్గ్‌లో అయితే సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు కూడా ఉంటుంది. ఆ డబ్బు కలిపాక కూడా పొలం తాకట్టు తప్పదంటే, పుణేలో ఇంకో ఏడాది పనిచేసి దాచుకుని రావడం గురించి నాన్నగారితో మాట్లాడండి. అడ్మిషన్ వాయిదా వేయొచ్చో లేదో యూనివర్సిటీకి ఇవాళే మెయిల్ పెట్టండి.

ఏ యూనివర్సిటీ, ఏ సబ్జెక్టులు ఎంచుకోవచ్చో కింద రాస్తే, వాటిలో మా ప్రాంతపు కంపెనీలు దేనికి విలువ ఇస్తాయో చూసి చెప్తాను.